గోడల చెమ్మ, ఆవిరిని పోనిచ్చే సీలర్లు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మా ఇంటి బయటి గోడలకు ప్లాస్టరింగ్ లేదు, ఇటుకలు పైకి కనిపిస్తాయి. వానకు నానుతున్నాయని కొన్నేళ్ల కిందట మెరిసే పూత వేయించాము. ఇప్పుడది బుడగలు కట్టి ఊడుతోంది, ఇటుకలు కూడా పెచ్చులు లేస్తున్నాయి, అక్కడక్కడ తెల్లగా ఉప్పు తేలుతోంది. ఆవిరిని పోనిచ్చే సీలర్ వేస్తే మేలంటున్నారు. దాన్ని ఈ పూత మీదనే వేయవచ్చా?

సమాధానం: వేయకూడదు. ఎందుకో తెలియాలంటే ముందు మీ గోడకు ఏం జరిగిందో చూడాలి. లక్షణాలను బట్టి మీరు వేయించినది అక్రిలిక్ వంటి, గోడ మీద పొరగా ఆరే పూత. అది గోడ బయటి ముఖం మీద పడే వానను కొంతకాలం ఆపుతుంది. అయితే గోడలోకి నీరు ముఖం నుంచి మాత్రమే రాదు; పిట్టగోడ పైభాగం నుంచి, కిటికీల అంచుల నుంచి, పునాది నుంచి, ఇంటి లోపలి ఆవిరి నుంచి కూడా చేరుతుంది. అలా చేరిన తేమ ఎండకు ఆవిరై బయటికి రాబోతే ఆ పొర అడ్డుపడుతుంది. బుడగలు అందుకే లేచాయి. తేమతో పాటు వచ్చిన లవణాలు పొర వెనకే స్ఫటికాలుగా పెరిగి ఇటుకను లోపలి నుంచి చీల్చాయి. నా అంచనాలో మీ ఇటుకలకు వాన కంటే ఆ పూతే ఎక్కువ చేటు చేసింది.

ఆవిరిని పోనిచ్చే సీలర్లంటే సిలేన్, సిలోక్సేన్ అనే సిలికాన్ ఆధారిత రసాయనాలతో చేసినవి; ఇవి పొర కట్టవు. ఇవి పలుచని ద్రవంగా సూక్ష్మరంధ్రాలలోకి ఇంకి, అక్కడి సిలికాతో రసాయనికంగా బంధం ఏర్పరచుకుంటాయి. రంధ్రాలు తెరిచే ఉంటాయి, కాని వాటి లోపలి తలం నీటిని అంటనివ్వదు. అందువల్ల నీరు తనంతట తాను లోపలికి పీల్చుకుపోవడం ఆగుతుంది, ఆవిరి మాత్రం వెళ్లిపోతూనే ఉంటుంది. గోడ రంగు దాదాపు మారదు. మెరుపు కోరుకునేవారికి ఇదొక లోపంగా తోచవచ్చు.

కాబట్టి పాత పూతను రసాయనంతో మెత్తబరచి పూర్తిగా తీయించండి. ఇసుకను వేగంగా చిమ్మి గీకే పద్ధతికి మాత్రం ఒప్పుకోకండి, ఇటుక మీద బాగా కాలిన గట్టి ముఖం దానితో పోతుంది. తేలిన ఉప్పును మొదట పొడి బ్రష్‌తో దులపాలి, ఎందుకంటే నీళ్లు కొడితే అది కరిగి మళ్లీ లోపలికే పోతుంది. ఆ తర్వాత నీటి దారులు మూయించి, గోడ ఆరనిచ్చి, ఉప్పు తేలడం ఆగిందో లేదో కొంతకాలం గమనించండి. ఈ ఓపిక చాలామందికి ఉండదు, పని చెడేది కూడా ఇక్కడే. సీలర్ ఆవిరిని పోనిస్తుంది గాని లవణాలను పోనివ్వదు. ఇంకా చెమ్మ ఎక్కుతున్న గోడకు దాన్ని వేస్తే, నీరు సీలర్ ఇంకిన కొద్ది మిల్లీమీటర్ల మందం వెనకే ఆవిరవుతుంది, ఉప్పు అక్కడే పేరుకుని ఆ మందాన్నంతా పెచ్చులుగా ఊడదీస్తుంది.

ప్రశ్న: కొత్తగా కట్టిన కాంక్రీటు స్తంభాలను, దూలాలను ప్లాస్టరింగ్ చేయకుండా వదిలేశాము. సిలేన్ వేయాలా, సిలోక్సేన్ వేయాలా? చువ్వలు తుప్పు పట్టకుండా ఇది కాపాడుతుందా?

సమాధానం: సిలేన్ అణువులు చిన్నవి గనుక చిక్కని కాంక్రీటులోకి లోతుగా ఇంకుతాయి, కాంక్రీటులోని క్షారగుణం వాటి చర్యకు తోడ్పడుతుంది. ఇటుకలో ఆ గుణం తక్కువ కావడంతో, త్వరగా ఆవిరయ్యే సిలేన్ పూర్తిగా పనిచేయకముందే ఎగిరిపోవచ్చు; అక్కడ సిలోక్సేన్ గాని రెండూ కలిసిన మిశ్రమం గాని నయం. మీరు సిలేన్ వాడండి. సాధారణంగా పోత పోసిన 28 రోజుల తర్వాత, ఉపరితలం శుభ్రంగా, పొడిగా ఉన్నప్పుడు వేస్తారు.

చువ్వల విషయంలో కొంతవరకే భరోసా ఇవ్వగలను. చువ్వలకు తుప్పు పట్టించే క్లోరైడ్ లవణాలు నీటిలో కరిగి లోపలికి వస్తాయి కాబట్టి నీరు ఆగితే అవీ చాలావరకు ఆగుతాయి. తెరిచి ఉన్న రంధ్రాల గుండా కార్బన్ డయాక్సైడ్ మాత్రం వెళుతూనే ఉంటుంది, చువ్వలను తుప్పు నుంచి కాపాడే కాంక్రీటు క్షారగుణాన్ని అది కాలక్రమంలో తగ్గిస్తుంది. దానికి రక్ష చువ్వల మీద తగినంత కవరు, అంటే వాటిని కప్పే కాంక్రీటు మందం ఉండటం, అవసరమైతే అందుకోసమే తయారయ్యే వేరే పూత వేయడం. ఇప్పటికే తుప్పు మరకలు, పగుళ్లు కనిపిస్తుంటే ముందు మరమ్మతు చేయించండి.

ప్రశ్న: సెల్లార్ గోడకు లోపలి వైపు, డాబా మీద కూడా ఇదే సీలర్ వేయవచ్చా?

సమాధానం: ఒత్తిడితో నెట్టుకొచ్చే నీటిని ఇది ఆపలేదు, పగుళ్లను పూడ్చలేదు. సెల్లార్‌కు బయటి వైపు వాటర్‌ప్రూఫింగ్, డాబాకు సరైన వాలు, నీరు చొరని పొర కావాలి.

ప్రశ్న: సీలర్ సరిగా వేశారో లేదో, మళ్లీ ఎప్పుడు వేయాలో ఎలా తెలుస్తుంది?

సమాధానం: తక్కువ ఒత్తిడి స్ప్రేయర్‌తో, కింది నుంచి పైకి, గోడ ఇక పీల్చుకోనంతగా తడపాలి, మొదటి విడత తడి ఆరకముందే రెండవది పడాలి. ఎండ మండుతున్నప్పుడు, గాలి బలంగా వీస్తున్నప్పుడు, వాన వచ్చేలా ఉన్నప్పుడు పని ఆపించండి. అద్దాలనూ మొక్కలనూ కప్పించండి. తర్వాత నీళ్లు చల్లి చూసేటప్పుడు బొట్లు గుండ్రంగా నిలవడం లేదని కంగారు పడవద్దు, పైపైన ఆ గుణం ఎండకు ముందే తగ్గినా లోపల సీలర్ పనిచేస్తూ ఉండవచ్చు. తడిసిన చోట గోడ రంగు ముదురుతోందా అన్నది చూడండి. ముదిరితే నీటిని పీల్చుకుంటున్నట్టే, మళ్లీ వేయించాలి. ఇంకా కచ్చితంగా తెలియాలంటే గోడకు అతికించే కార్స్టెన్ గొట్టంలో నీరు నింపి, ఎన్ని నిమిషాలకు మట్టం ఎంత దిగిందో కొలుస్తారు. సీలర్ వేయకముందు ఒకసారి, వేశాక అదే చోట మరొకసారి కొలిపించుకోండి.