అమ్మ నర్సు: సంస్మరణలో ఏం రాయాలి, ఆవిడ వస్తువులు ఏం చేయాలి

ప్రశ్న: మా అమ్మ స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా రిటైరయ్యారు. సంస్మరణ సభలో చదవడానికి వ్యాసం రాస్తున్నాను. ఎంత రాసినా ‘ప్రేమమూర్తి, సేవామూర్తి, ఓర్పుకు మారుపేరు’ దగ్గరే ఆగిపోతోంది.

జవాబు: ఆ మూడూ కొట్టేసి మొదలుపెట్టండి. అవి ఏ అమ్మకైనా అతుకుతాయి, అందుకే వాటిలో మీ అమ్మ కనిపించరు. ‘ఓర్పు’ అని రాయబోయిన చోట ఆ ఓర్పుతో ఆవిడ చేసిన పని రాయండి. మంచం దిగలేని రోగిని రెండు మూడు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుం దగ్గర, మడమల దగ్గర ఒత్తిడికి రక్తప్రసారం తగ్గి పుండ్లు పడతాయి. రాత్రంతా తిప్పిన నర్సుకు దక్కే ఫలితం పుండు పడకపోవడం. అది ఎవరి కంటా పడదు. మందు ఇచ్చే ముందు పేరు, మోతాదు మరోసారి సరిచూడటమూ అంతే. సభలో కూర్చున్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పాలి, లేకపోతే నర్సంటే ఇంజక్షన్ ఇచ్చే మనిషనే అనుకుంటారు.

ముందు కాగితాలు తీయండి. నియామకం, రిజిస్ట్రేషన్, బదిలీలు, పదోన్నతి, రిటైర్మెంట్ ఉత్తర్వులు చూసి ఒక పేజీలో ఎడమవైపు సంవత్సరాలవారీగా రాసుకోండి. కుడివైపు ఇంటి సంగతులు: పెళ్లి, పురుళ్లు, ఇళ్లు మారడం. రెండూ పక్కపక్కన పెడితే కొత్త ప్రశ్నలు లేస్తాయి. మీరు నెలల బిడ్డగా ఉన్నప్పుడు ఆవిడ ఏ వార్డులో, ఏ షిఫ్టులో ఉన్నారు? మిమ్మల్ని ఎవరు చూసుకున్నారు? వ్యాసం అక్కడే ఉంటుంది.

తర్వాత ఆవిడతో పనిచేసినవాళ్లు. ‘అమ్మ ఎలాంటి మనిషి?’ అని అడిగితే ‘దేవత’ అంటారు, మాట అయిపోతుంది. ‘డ్యూటీ ఎక్కగానే మొదట ఏం చేసేవారు? కొత్తగా చేరినవాళ్లను దేనికి కోప్పడేవారు? డాక్టరు చెప్పినదానికి ఎప్పుడైనా అభ్యంతరం చెప్పారా?’ అని అడగండి. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, అనుమతి తీసుకుని ఫోన్‌లో రికార్డు చేయండి. అందర్నీ కలిపి కూర్చోబెడితే మొదట మాట్లాడినవాళ్ల జ్ఞాపకమే అందరిదీ అయిపోతుంది. ‘వేల పురుళ్లు పోశారు’ లాంటి లెక్కలు కాగితం మీద ఉంటేనే వాడండి.

చదవడానికి నాలుగైదు నిమిషాలు చాలు, అంటే సుమారు 400 మాటలు. పైకి చదివి గడియారం చూసుకోండి. గొంతు పూడుకుపోయే చోటు ఇంట్లోనే తెలుస్తుంది. అక్కడ వాక్యాలు చిన్నవి చేయండి, రెండో ప్రతి ఇంకొకరి చేతిలో ఉంచండి.

ప్రశ్న: ఆవిడ కాపాడిన రోగుల సంగతులు రాయవచ్చా? పాత డైరీల్లో పేర్లు కూడా ఉన్నాయి.

జవాబు: డైరీలో ఉన్నవి వద్దు. రోగి చనిపోయాక కూడా అతని రహస్యం కాపాడాలన్నది వైద్యవృత్తిలో పాత నియమం. వైద్యులు చేసే జెనీవా ప్రతిజ్ఞలో 1968లోనే ఈ మాట చేర్చారు. పేరు తీసేస్తే చాలదు. జబ్బు, సంవత్సరం, వృత్తి మూడూ కలిస్తే తెలిసినవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. ఎవరైనా తమంతట తాము వచ్చి చెప్పుకుంటే, ఏ భాగం చదువుతారో ముందే వాళ్లకు చూపించి అడగండి. డైరీలు పాత కాగితాల బస్తాలోకి వెళ్లనివ్వకండి. అట్టేపెట్టుకోకపోతే చింపి ముక్కలు చేసి పారేయండి.

ప్రశ్న: నైట్ డ్యూటీల వల్ల అమ్మ మా స్కూలు కార్యక్రమాలకు రాలేదు. అది రాస్తే నింద వేసినట్టవుతుందా?

జవాబు: ఒక్క వాక్యంలో రాయండి. సంజాయిషీ జతచేయకండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకు ముందే వినిపించండి. సభలో మొదటిసారి వింటే నొచ్చుకునేది వాళ్లే.

ప్రశ్న: అమ్మ యూనిఫాం, పాదరసం బీపీ యంత్రం, థర్మామీటరు ఫొటో పక్కన అద్దాల పెట్టెలో పెట్టాలని ఉంది.

జవాబు: యూనిఫాం సరే, యంత్రం, థర్మామీటరు వద్దు. థర్మామీటరులో ఉండే పాదరసం గ్రాము అటూ ఇటూ, బీపీ యంత్రంలో వంద గ్రాముల దాకా ఉండవచ్చు. పగిలితే గదిలోనే ఆవిరవుతూ ఉంటుంది, ఆ ఆవిరి వాసన రాదు. పాదరసం వాడకం తగ్గించడానికి 2013లో దేశాల మధ్య కుదిరిన మినమాటా ఒప్పందం వీటి తయారీ ఆపడానికి 2020 గడువు పెట్టింది కూడా ఇందుకే. యంత్రాన్ని పాదరసం తొట్టివైపు వంచి, అదంతా తొట్టిలోకి దిగాక మీట మూసేయండి. పెట్టె మూసి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో నిలువుగా ఉంచి, పాదరస వ్యర్థాలు తీసుకునే ఆసుపత్రికో పురపాలక విభాగానికో అప్పగించండి. ముందుగా ఫొటో తీసుకోండి, పెట్టెలోకి అది చాలు.

ఒకవేళ పగిలితే పిల్లల్ని బయటికి పంపి కిటికీలు తీయండి, ఫ్యాను, ఏసీ ఆపండి. చీపురు, వాక్యూమ్ క్లీనర్ వాడితే చిన్న చుక్కలై ఇల్లంతా వ్యాపిస్తుంది. బంగారం పాదరసాన్ని పట్టేస్తుంది కాబట్టి ఉంగరాలు, గాజులు తీసి చేతి తొడుగులు వేసుకోండి. టార్చి నేలకు ఏటవాలుగా పట్టుకుంటే చుక్కలు మెరుస్తాయి. గట్టి అట్టతో దగ్గరికి తోసి, మూత బిగిసే సీసాలోకి ఎత్తండి. మిగిలిన నలుసులు అంటుకునే టేపుతో తీయండి. కాలువలో పోయకండి.

యూనిఫాంకు గంజి ఉంటే ఉతికి పోగొట్టండి. గంజి కోసం వెండిపురుగులు చేరతాయి. బ్యాడ్జి, పిన్నులు తీసి విడిగా పెట్టండి, లేకపోతే తుప్పు మరక దిగుతుంది. తెల్ల నూలుగుడ్డలో చుట్టి, ఆరు నెలలకోసారి మడత మార్చండి. ఎప్పుడూ ఒకే మడతలో ఉంటే ఆ గీత వెంబడే బట్ట చిరుగుతుంది.