రిపేరుకిచ్చిన బేస్ గిటార్ నెక్ చీలితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. పెళ్లిళ్లలో, చర్చిలో బేస్ గిటార్ వాయించి ఇల్లు నడుపుకుంటున్నాను. తీగలు మార్చి, వంగిన నెక్‌ను (తీగలు సాగే పొడవాటి కర్ర భాగాన్ని) సరిచేయమని హైదరాబాద్‌లోని ఒక దుకాణంలో ఇచ్చి 1,500 రూపాయలు ముందే కట్టాను. తిరిగి తెచ్చుకునేటప్పుడు చూస్తే నెక్ చీలి ఉంది, దాని లోపలి లోహపు కడ్డీ, అంటే ట్రస్ రాడ్, తిరగడం లేదు. ‘వస్తువు పాడైతే మాకు బాధ్యత లేదు’ అని రశీదు మీద ఉందంటున్నారు. కేసు వేయవచ్చా? హైదరాబాద్ చుట్టూ తిరగాలా?

జవాబు: వేయవచ్చు, అదీ నల్లగొండలోనే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. మీరు డబ్బుకు వాయిస్తారు కాబట్టి వినియోగదారు కారని అవతలివారు వాదించవచ్చు గానీ, స్వయం ఉపాధితో జీవనోపాధి పొందడానికి మాత్రమే కొని వాడుకునే వస్తువు వాడకాన్ని ఆ చట్టం వాణిజ్య ప్రయోజనంగా లెక్కించదు; మీ గిటార్ అలాంటిదేనని, దాని మరమ్మతుకూ అదే వర్తించాలని మీరు వాదించవచ్చు.

మరమ్మతుకు ఇచ్చిన వస్తువును, వివేకం గల మనిషి తన సొంత వస్తువును చూసుకున్నట్లు చూసుకోవాలని భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 151వ సెక్షన్ చెబుతోంది. వస్తువు వారి అధీనంలో ఉన్నప్పుడు పాడైంది కనుక, తగిన జాగ్రత్త తీసుకున్నామని చూపించుకోవలసిన భారం వారిదే. మీరు సంతకం చేయని, మీకు ముందుగా చెప్పని ఆ అచ్చువాక్యం వారి నిర్లక్ష్యాన్ని కప్పిపుచ్చలేదని నా అభిప్రాయం.

అసలు వివాదమంతా చీలికకు కారణం దగ్గరే నడుస్తుంది. బేస్ తీగలు నెక్‌ను బలంగా లాగుతుంటాయి, ఆ లాగుడుకు ఎదురు నిలిచేది నెక్ లోపలి ట్రస్ రాడ్. దాన్ని ఒక్కోసారి పావు చుట్టుకు మించకుండా తిప్పుతూ, వంపు చూసుకుంటూ సరిచేయాలి. బిగుసుకుపోయిన రాడ్‌ను బలవంతంగా తిప్పితే తెగవచ్చు, కర్ర చీలవచ్చు. నెక్ ముందే పాడై ఉందని దుకాణదారు చెప్పడం ఖాయం కాబట్టి, గిటార్ ఇవ్వడానికి కొద్ది రోజుల ముందు మీరు వాయించిన పెళ్లి వీడియోలు ఉంటే అవి మీకు ఎంతో బలం. వాటితో పాటు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాలి.

ఇప్పుడు చీలికను, రాడ్ మరను దగ్గరగా ఫొటోలు తీసి, ఆ తరువాత తీగలను వదులు చేసి ఉంచండి. మరో నిపుణుడికి చూపించి, చీలిక ఎందువల్ల వచ్చిందో, కొత్త నెక్‌కు ఎంత అవుతుందో రాయించి సంతకం తీసుకోండి. అప్పటిదాకా ఎవరినీ రాడ్ ముట్టుకోనివ్వకండి. ఒకసారి మరమ్మతు జరిగిందంటే చీలిక ఎవరి చేతిలో వచ్చిందో తేల్చడం ఎవరికీ సాధ్యం కాదు.

స్పీడ్ పోస్టులో నోటీసు పంపి పదిహేను రోజులు గడువు ఇవ్వండి. చట్టం దాన్ని తప్పనిసరి చేయకపోయినా, కొన్ని వివాదాలు ఆ దశలోనే ముగుస్తాయి. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫిర్యాదుకు రుసుము లేదు, న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు. నెక్ ఖర్చుతో పాటు పోయిన కచేరీల ఆదాయాన్నీ కోరవచ్చు గానీ, అడ్వాన్సు తిరిగిచ్చినట్లు రుజువు ఉన్న కచేరీలనే లెక్కలో చూపండి. ఫిర్యాదుకు గడువు నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్లు.