స్కూల్ బస్ డ్రైవర్ ఫోన్ మాట్లాడుతూ నడుపుతుంటే ఏం చేయాలి?

మీ పాప వెళ్లే బస్ డ్రైవర్ ఫోన్ మాట్లాడుతూ నడపడం రెండుసార్లు చూశానని, స్కూల్లో చెబితే అతని ఉద్యోగం పోతుందేమోనని ఆగానని రాశారు. ఆగకండి, చెప్పండి. కానీ చెప్పే ముందు ఆ ఫోన్ అవతల ఎవరున్నారో కూడా కనుక్కోండి.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పోయిన ఏడాది జూలైలో మా బాబు జ్వరం తగ్గి మళ్లీ బడికి వెళ్తుంటే తోడుగా నేనూ బస్సెక్కి, డోర్ పక్కన ముందు సీట్లో కూర్చున్నాను. కాలవ గట్టు రోడ్డు ఎలా ఉంటుందో మీకు తెలుసు, కుడి పక్క కొబ్బరి తోటలు, ఎడమ పక్క నిండు కాలవ, ఎదురుగా ఆటో వచ్చినా ఎవరో ఒకరు మార్జిన్‌లోకి దిగాల్సిందే. ఫోన్ మోగింది. డ్రైవర్ తల వంచి చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని "ఆయ్, వచ్చేస్తున్నామండీ, ఐదు నిమిషాలండీ" అంటున్నాడు. ఎదురుగా కొబ్బరికాయల లారీ. చూశాడు, కానీ ఆలస్యంగా చూశాడు. ఒక్కసారిగా ఎడమకి కట్ చేసేసరికి చక్రం తడి మట్టిలోకి దిగి బస్సు ఒరిగింది, ఎవరిదో వాటర్ బాటిల్ దొర్లుకుంటూ వచ్చి మెట్ల మీద పడింది. నా కిటికీలోంచి రోడ్డు కనపడలేదు, గుర్రపుడెక్క కనపడింది.

బస్సు మళ్లీ రోడ్డెక్కింది. పిల్లలెవరికీ ఏమీ కాలేదు, నాకు మాత్రం బడి వచ్చేదాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

బడి దగ్గర అందరూ దిగాక గట్టిగానే అడిగాను. అతను ఎదురు మాట్లాడలేదు, ఫోన్ నా చేతికిచ్చాడు. ఆ ఒక్క ట్రిప్పులో ఏడు ఫోన్లు, అన్నీ బస్సు ఎక్కడిదాకా వచ్చిందని అడిగే తల్లిదండ్రులవే. ఇంకాస్త కిందకి జరిపితే ముందు వారం నేను చేసిన ఫోనూ ఉంది. "ఎత్తకపోతే డ్రైవర్ ఫోన్ ఎత్తట్లేదని మీరే ప్రిన్సిపాల్ గారికి చెప్తారు కదండీ" అన్నాడు. డైరీ వెనక అతని నంబరు అచ్చేసి ఇచ్చింది స్కూలే.

నడిపే మనిషి తప్పు లేదని అనట్లేదు. బస్సు 40 కిలోమీటర్ల వేగంలో ఉంటే సెకనుకి 11 మీటర్లు పోతుంది. ఎవరు చేశారా అని రెండు సెకన్లు స్క్రీన్ చూస్తే 22 మీటర్లు, అంటే రెండు బస్సుల పొడవు, గట్టు మీద చూడకుండా నడిపినట్టే. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఫర్వాలేదనేవాళ్లున్నారు, చేతులు ఖాళీ అవుతాయేమో గానీ ధ్యాస మాటల్లోనే ఉంటుంది. 2018 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌లోని కుషీనగర్‌లో కాపలా లేని రైల్వే గేటు దగ్గర స్కూల్ వ్యాన్‌ని రైలు ఢీకొట్టి 13 మంది పిల్లలు పోయారు, డ్రైవర్ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడని అప్పుడు వార్తలొచ్చాయి. మన దగ్గర కాలవలకి నీళ్లు వదిలేదీ, బడులు తెరిచేదీ ఒకే నెల, జూన్. ఎండాకాలంలో కాలవ కట్టేసినప్పుడు చూసి ఇంతేగా లోతు అనుకోకండి.

మేం ఆరుగురు తల్లులం కలిసి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాం. అతన్ని తీసేయమని అడగలేదు. డైరీలో డ్రైవర్ నంబరు తీసేసి బస్సులో ఉండే ఆయా నంబరు పెట్టమన్నాం, తాళం తిప్పేముందే డ్రైవర్ ఫోన్ ఆయా సంచిలో పడాలన్నాం. అర్జెంటు అయితే ఎలా అని వారం రోజులు నాన్చారు. ఆయా ఫోన్ ఉంది కదా అర్జెంటుకి, అని మళ్లీ వెళ్లాం, అప్పుడు ఒప్పుకున్నారు.

మీ స్కూలు వినకపోతే బండి నంబరు, టైము, చోటు కాగితం మీద రాసి రవాణా శాఖ ఆఫీసులో ఇవ్వండి. నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకుని వాడటం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 కింద ప్రమాదకరమైన డ్రైవింగే, 2019 సవరణ తర్వాత మొదటిసారికే వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. సాక్ష్యం కోసమని స్కూటీ మీద బస్సు పక్కనే వెళ్తూ వీడియో మాత్రం తీయకండి.

ఇప్పుడు బస్సు లేటయితే ఆయాకే చేస్తాను. పిల్లల్ని దించే హడావుడిలో ఒక్కోసారి ఆమె కూడా ఎత్తదు. అప్పుడు వీధి చివర నిలబడి, హారన్ వినపడేదాకా చూస్తాను.