తక్కువ బడ్జెట్‌లో హోమ్ థియేటర్‌కు సబ్‌వూఫర్ (బేస్ కోసం విడిగా పెట్టే స్పీకర్) ఎలా ఎంచుకోవాలి? 8 అంగుళాలది చాలా, 12 అంగుళాలది కావాలా?

ముందు గది చూసుకోండి. చిన్న గదికి 8 అంగుళాలది సరిపోవచ్చు, పెద్ద హాలైతే 12 వైపే మొగ్గండి. అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో వేసే వాట్ల సంఖ్యను నమ్ముకోవద్దు, చాలాసార్లు అది క్షణకాలపు పీక్ లెక్క. సబ్ ఎంత తక్కువ హెర్ట్జ్ దాకా, అంటే ఎంత లోతైన బేస్ దాకా దిగుతుందన్నదే అసలు సంగతి. శబ్దం 3 డెసిబెల్స్‌కు మించి తగ్గకుండా 30 హెర్ట్జ్ దాకా వెళ్తే సినిమాలకు బాగుంటుంది. 45 దగ్గరే చేతులెత్తేసేది దబదబమంటుంది గానీ, పేలుడు సీన్‌లో ఆ అదురు ఒంటికి తగలదు. దాదాపు ఒకే ధరలో సీల్డ్ (పూర్తిగా మూసిన పెట్టె), పోర్టెడ్ (గాలి రంధ్రం ఉన్న పెట్టె) రెండూ దొరికితే సినిమాలకు నేనైతే పోర్టెడ్ తీసుకుంటాను. పెట్టె కాస్త పెద్దదిగా ఉంటుంది, అంతే.

కొన్నాక పైసా ఖర్చు లేని పని ఒకటుంది. సబ్‌ను మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ బాగా ఉన్న పాట వేసి, గోడల వెంబడి పాకుతూ వినండి (ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి). ఒక మూల గుయ్యిమంటుంది, రెండడుగులు జరిగితే బేసే మాయమవుతుంది. ఎక్కడ ప్రతి దెబ్బా విడివిడిగా, సమంగా వినిపిస్తుందో సబ్‌ను అక్కడికి మార్చండి. రిసీవర్‌లో (స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె) క్రాసోవర్, అంటే ఎన్ని హెర్ట్జ్ కింది శబ్దాలు సబ్‌కు వెళ్లాలో చెప్పే సెట్టింగ్, 80 హెర్ట్జ్‌తో మొదలుపెట్టండి. సబ్ వెనకున్న క్రాసోవర్ నాబ్‌ను ఎక్కువ హెర్ట్జ్ వైపు చివరిదాకా తిప్పేయండి, లేకపోతే రెండు ఫిల్టర్లూ ఒకదాని మీద ఒకటి పనిచేస్తాయి.