నవ్వితే కూలబడిపోతున్నాడు

ప్రశ్న: మా బాబుకి 9 ఏళ్లు. రాత్రి తొమ్మిదికే పడుకుంటాడు. అయినా క్లాసులో, చివరికి కంచం ముందు కూడా కునికిపాట్లే. ఆరు నెలల్లో బాగా ఒళ్లు చేశాడు. ఈమధ్య పకపకా నవ్వితే మోకాళ్లు వంగి కూలబడిపోతున్నాడు. బద్ధకమనుకుని ఒకసారి కొట్టాను కూడా. ఇవి ఫిట్సేమోనని టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఆ నవ్వు సంగతి నేను రెండుసార్లు చదివాను. పగటి నిద్రకి కారణాలు చాలా ఉంటాయి. గురక, రాత్రిళ్లు ఫోను, కొన్ని మందులు... ఏదైనా కావచ్చు. నవ్వగానే ఒంట్లో పట్టు తప్పడం మాత్రం అరుదు. దాన్ని క్యాటప్లెక్సీ అంటాం. పగటి నిద్ర కూడా తోడైతే మొదట అనుమానించాల్సింది నార్కోలెప్సీనే, అంటే మెదడు మెలకువని నిలబెట్టుకోలేని నిద్ర జబ్బుని.

పడినప్పుడు మాటలు వినిపిస్తున్నాయా అని బాబునే అడగండి. 'వినిపిస్తాయి, లేవలేను' అంటే ఫిట్స్ అనుమానం చాలావరకు తగ్గుతుంది. కొందరు పిల్లలకి రెప్పలు వాలి, నోరు తెరుచుకుని, నాలుక బయటికొస్తుంది. వెక్కిరిస్తున్నాడని టీచరు బయట నిలబెట్టిన పిల్లాడొకడు నా దగ్గరికి వచ్చాడు. వీలైతే వీడియో తీయండి, డాక్టరుకి అది చాలా పనికొస్తుంది.

మెలకువను నిలబెట్టే హైపోక్రెటిన్ అనే రసాయనాన్ని మెదడులో కొన్ని కణాలు తయారుచేస్తాయి. 1998లో బయటపడిన రసాయనం ఇది. ఆ కణాలు నశించడమే ఈ జబ్బుకి మూలం. జబ్బు మొదలయ్యే రోజుల్లో పిల్లలు గబగబా బరువు పెరగడం కూడా మామూలే. బద్ధకానికీ దీనికీ సంబంధం లేదు.

పిల్లల న్యూరాలజిస్టుని గానీ, నిద్ర నిపుణుణ్ణి గానీ కలవండి. రెండు వారాలు నిద్ర వేళలు రాసిపెట్టండి. ఒక రాత్రంతా నిద్ర పరీక్ష చేసి, మర్నాడు రెండేసి గంటలకోసారి, నాలుగైదు సార్లు పడుకోబెడతారు. సగటున 8 నిమిషాల్లోపే నిద్రపట్టి, కనీసం రెండుసార్లు త్వరగా కలల దశలోకి జారుకుంటే జబ్బు దాదాపు ఖాయమైనట్టే.

పూర్తిగా నయం చేసే మందు లేదు, అదుపులో పెట్టేవి ఉన్నాయి. పగటి నిద్ర తగ్గడానికి మోడాఫినిల్, మిథైల్‌ఫెనిడేట్ లాంటివి, క్యాటప్లెక్సీకి వెన్లాఫాక్సిన్ లాంటివి రాస్తారు. ఈ రెండో రకాన్ని మీ అంతట మీరు హఠాత్తుగా ఆపకండి, పడిపోవడం ఒక్కసారిగా ఎక్కువవుతుంది. మధ్యాహ్నం బడిలో 20 నిమిషాల కునుకుకి టీచర్ని ఒప్పించండి. ఒంటరిగా ఈతకి పంపకండి.

ఇంకొకటి గమనించండి. పడిపోతామన్న భయంతో కొందరు పిల్లలు జోకు వినగానే మొహం బిగించుకుంటారు. మీవాడూ అలా చేస్తుంటే డాక్టరుకి తప్పకుండా చెప్పండి.