చలికి వేళ్లు నీలమవుతున్నాయి... తొడుగులు వాడితే సరిపోతుందా?

ప్రశ్న: నా వయసు 61. చలి తగిలితే వేళ్లు, ముక్కు కొన నీలంగా మారతాయి. కోల్డ్ అగ్లుటినిన్ వ్యాధి (చలికి ఒంట్లోని యాంటీబాడీలు సొంత ఎర్ర రక్తకణాలకే అంటుకుని, వాటిని గుంపుకట్టించి పగిలేలా చేసే జబ్బు) అని రెండేళ్ల కిందట చెప్పారు. నీరసం తగ్గుతుందని ఆరు నెలలుగా ఐరన్ మాత్రలు వేసుకుంటున్నాను. మొన్న రెండుసార్లు మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చింది. చేతులకు ఎలాంటి తొడుగులు మంచివి? - ఒక పాఠకురాలు

జవాబు: తొడుగుల సంగతి తర్వాత చూద్దాం. మీరు చివర్లో, మాటవరసకు అన్నట్టు రాసిన మూత్రం రంగే నన్ను కలవరపెడుతోంది. ఎర్ర రక్తకణాలు రక్తనాళాల్లోనే పగిలిపోతున్నాయనడానికి అది గుర్తు కావచ్చు. ఇతర కారణాలూ ఉండవచ్చు, చూడకుండా తేల్చలేను. ఆలస్యం చేయకుండా రేపే రక్తవ్యాధుల నిపుణులను కలవండి. హిమోగ్లోబిన్, రెటిక్యులోసైట్లు (కొత్తగా పుట్టిన ఎర్ర కణాలు), కణాలు పగిలితే పెరిగే ఎల్‌డీహెచ్, బిలిరుబిన్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్ర పరీక్షలు అవసరమవుతాయి. రక్తం ఇచ్చేటప్పుడు మీ జబ్బు పేరు ల్యాబ్‌లో తప్పక చెప్పండి. నమూనా చల్లబడితే కణాలు గుంపుకట్టి కొన్ని లెక్కలు తప్పుగా వస్తాయి.

ఇక ఆ ఐరన్ మాత్రలు. ఎవరు రాసిచ్చారు? మీ రక్తహీనత కణాలు పగిలిపోవడం వల్ల వచ్చింది. అలా పగిలిన కణాల్లోని ఇనుము చాలావరకు ఒంట్లోనే ఉండిపోతుంది. ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ తక్కువని పరీక్షలో తేలితే తప్ప ఆ మాత్రలతో ప్రయోజనం ఉండదు. అంతకన్నా నష్టం ఏమిటంటే, మందు వేసుకుంటున్నామన్న ధీమాతో మీరు ఆరు నెలలు డాక్టరు దగ్గరికి వెళ్లినట్టు లేదు. ఇలా ఆలస్యం చేసుకుని వచ్చేవారిని చూస్తే బాధగా ఉంటుంది. ఎవరో చెప్పారని స్టెరాయిడ్లు కూడా మొదలుపెట్టకండి. ఒంటి మామూలు వేడి దగ్గరే కణాలపై దాడి చేసే 'వెచ్చని రకం' యాంటీబాడీల జబ్బులో అవి పనిచేస్తాయి, మీ జబ్బులో సాధారణంగా పనిచేయవు. ఈ జబ్బులో కణాల విధ్వంసం సాధారణంగా ప్లీహంలో కన్నా కాలేయంలో ఎక్కువగా జరుగుతుంది కాబట్టి ప్లీహం తీయించుకున్నా పెద్దగా లాభం ఉండదు. యాంటీబాడీలు తయారుచేసే కణాలను తగ్గించే రిటుక్సిమాబ్ వంటి మందులు ఉన్నాయి. అవసరమా, ఎప్పుడు అన్నది మిమ్మల్ని పరీక్షించిన నిపుణులే నిర్ణయించాలి. కొందరిలో ఈ జబ్బు వెనుక లింఫోమా (ఒక రకం రక్త క్యాన్సర్) ఉంటుంది. రెండేళ్ల కిందట దాని కోసం చూశారో లేదో అడగండి.

జ్వరం వచ్చినా కణాలు వేగంగా పగలవచ్చు. ఆయాసం, ఛాతీలో నొప్పి, ఒక కాలు వాయడం, కళ్లు పచ్చబడటం వంటివి కనిపిస్తే నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి. ఆపరేషన్ ఏదైనా ఉంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. సెలైన్, రక్తం వెచ్చబరిచి ఎక్కించాల్సి ఉంటుంది.

తొడుగులు వెచ్చగా ఉండి, మణికట్టును కప్పేవి ఏవైనా చాలు. తడిస్తే వెంటనే మార్చేయండి. తల, పాదాలు కూడా కప్పుకోండి.