ముందు ఆగడం నేర్చుకో

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. ఇంత వయసొచ్చాక సైకిల్ నేర్చుకోవాలనిపించడం నాకు బాగా నచ్చింది. కొన్నది గేర్ల సైకిల్. దానికి బూటును పట్టి ఉంచే క్లిప్ పెడళ్లు, వాటికి తగ్గ బూట్లు, హ్యాండిల్ మీద వేగం చూపించే మీటర్, చేతులకు గ్లవ్స్. అన్నీ ఒకేసారి బిగించి రోడ్డెక్కావు, రెండో మలుపు దగ్గరే దిగి నడిపించుకుంటూ ఇంటికొచ్చావు. పైగా "నాకు ధైర్యం లేదేమో పెదనాన్నా" అని రాశావు. కొత్త పనులు నాలుగు ఒకేసారి చేయమంటే ఎవరి చేతులైనా వణుకుతాయి. అది పిరికితనం కాదు, బుర్రకు ఊపిరాడకపోవడం.

కాబట్టి ముందు ఆ క్లిప్ పెడళ్లు విప్పి పక్కన పెట్టు. మీటర్ కూడా తీసెయ్. ఎంత వేగంతో పోతున్నావో ఇప్పుడు తెలియకపోతే నీకొచ్చే నష్టమేమీ లేదు. మామూలు చదును పెడళ్లు వేసుకో. విప్పేటప్పుడు తెలుసుకోవాల్సింది ఒకటుంది. కుడి పెడలుకు మామూలు మర, ఎడమ పెడలుకు తిరగమర. స్పానర్‌ను పైకి నిలబెట్టి పట్టుకున్నావంటే, ఏ వైపు పెడలైనా ముందు చక్రం వైపు తిప్పితే బిగుస్తుంది, వెనక చక్రం వైపు తిప్పితే వదులవుతుంది. ఇది తెలియక ఎడమ పెడలు మర పాడుచేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. బిగించే ముందు మరకు కాస్త గ్రీజు రాయి, మళ్లీ విప్పాల్సి వచ్చినప్పుడు మొరాయించదు.

ఇక సీటు. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలని నువ్వు దాన్ని బాగా కిందికి దించి ఉంటావు. కొత్తవాళ్లందరూ చేసే పనే. కానీ అలా తొక్కితే మోకాళ్లు పట్టేస్తాయి, కాళ్లలో ఉన్న బలం పెడలుకు చేరదు. గోడ పట్టుకుని సీటు మీద కూర్చో, పెడలును అట్టడుగుకు తెచ్చి దాని మీద మడమ పెట్టు. కాలు నిటారుగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సుమారుగా అదే నీ ఎత్తు. మొదట్లో భయమేస్తే ఒక వేలెడు తగ్గించుకో, అంతకంటే వద్దు.

"అలాగైతే కాలు నేలకు అందదు కదా" అంటావు. అందకూడదు. ఆగేటప్పుడు సీటు మీదే కూర్చుని కాలు చాపడం కాదు, సీటు మీంచి ముందుకు జారి, సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య నిలబడాలి. ఒక కాలు కిందున్న పెడలు మీద, రెండో కాలు నేల మీద. బయలుదేరేటప్పుడూ అంతే. ఒక పెడలును పైకి, కాస్త ముందుకు తెచ్చి పెట్టుకో. దాని మీద బరువు వేస్తూ లేస్తే సైకిల్ కదులుతుంది, ఆ ఊపులోనే సీటు మీద కూర్చుంటావు. ఈ ఎక్కడం, దిగడం ఒక్కటే పట్టుబట్టి సాధన చెయ్యి. నా లెక్కలో సగం భయం ఇక్కడే ఉంది. ఎక్కడంటే అక్కడ ఆగి, మళ్లీ బయలుదేరగలనని ఒంటికి తెలిస్తే చేతులు వాటంతటవే వదులవుతాయి.

మిగతా సగం బ్రేకుల్లో ఉంది. ముందు బ్రేకు నొక్కితే ఎగిరి పడతామని నీకెవరో చెప్పి ఉంటారు. ఆ మాట నమ్మి జీవితమంతా వెనక బ్రేకుతోనే లాక్కొచ్చేవాళ్లున్నారు. అసలు సంగతి ఏమిటంటే, బ్రేకు పడగానే నీ బరువు ముందుకు వస్తుంది. ముందు చక్రం నేలను గట్టిగా పట్టుకుంటుంది, వెనక చక్రం తేలికై జారుతుంది. అందుకే పొడి రోడ్డు మీద ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. పడేది బ్రేకు వల్ల కాదు, దాన్ని ఒక్కసారిగా గుంజడం వల్ల, చేతులు వదులుగా ఉండి ఒళ్లంతా హ్యాండిల్ మీదికి రావడం వల్ల.

ఖాళీ మైదానమో, బండ్లు లేని వీధో చూసుకో. ముందుగా ఏ చేతి బ్రేకు ఏ చక్రానిదో చూడు, ఇది అన్ని దేశాల్లోనూ ఒకేలా ఉండదు. సైకిల్ పక్కన నడుస్తూ ఒక్కో లివర్ నొక్కితే తెలిసిపోతుంది. తర్వాత నేల మీద ఒక గీత గీసి, అక్కడికి రాగానే వెనక బ్రేకు ఒక్కటే వేసి ఎక్కడ ఆగావో చూడు. మళ్లీ అదే వేగంతో వచ్చి రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి పెంచుకుంటూ నొక్కు. నొక్కేటప్పుడు నడుమును కాస్త వెనక్కి జరుపు, మోచేతులు మడతపడిపోకుండా చూసుకో. రెండు చోట్లకూ ఉన్న తేడా చూశాక నేను చెప్పనక్కర్లేదు. కంకర మీదా తడి మీదా మాత్రం ముందు బ్రేకుతో మెత్తగా ఉండాలి. మలుపులో అసలు బ్రేకు వద్దు, వేగం తగ్గించడమంతా మలుపుకు ముందే అయిపోవాలి. తిరిగేటప్పుడు మలుపుకు బయటి వైపున్న పెడలు కింద ఉండాలి, లోపలి పెడలు కింద ఉంటే నేలకు తగులుతుంది.

చూపు గురించి ఒక్క మాట. గుంతను చూస్తూ పోతే గుంతలోకే పోతావు. దాన్ని గమనించి, పోవాల్సిన దారి వైపు చూపు మళ్లించు. వెనక్కి చూడడం ఇంకా కష్టం, ఎందుకంటే తల తిప్పగానే హ్యాండిల్ కూడా ఆ వైపే లాగుతుంది. మైదానంలో ఒక గీత మీద పోతూ భుజం మీదుగా చూసి, వెనకున్న వస్తువేమిటో పైకి చెప్పడం సాధన చెయ్యి. అది వచ్చాక ఒక చెయ్యి వదిలి తొక్కు. చేత్తో సైగ చేయడం రానంతవరకూ రద్దీ రోడ్డు జోలికి పోవద్దు. పోయిన రోజున, ఆగి ఉన్న కార్లను రాసుకుంటూ పోకు. తలుపు తెరుచుకుంటే తగలనంత ఎడం ఉంచు.

గేర్లకు వద్దాం. ఎడమ చేతిది ముందు పళ్ల చక్రాలు మారుస్తుంది, కుడి చేతిది వెనకవి. కొన్నాళ్లపాటు ఎడమ చెయ్యి గేరు ఉందన్న సంగతే మర్చిపో. ముందు వైపు చైనును చిన్న పళ్ల చక్రం మీద పెట్టి, కుడి చేతితోనే ఆడుకో. వెనక పెద్ద పళ్ల చక్రం మీదికి చైను వెళ్లే కొద్దీ తొక్కడం తేలికవుతుంది. మార్చేటప్పుడు పెడళ్లు తిరుగుతూనే ఉండాలి, కానీ కాలి మీద బలం పెట్టకూడదు. అందుకే ఎత్తు ఎక్కడం మొదలుకాక ముందే తేలిక గేరులోకి రావాలి. సగం ఎక్కాక మారిస్తే చైను కరకరలాడుతుంది, ఒక్కోసారి ఊడిపోతుంది. ముందు చిన్న చక్రం, వెనక కూడా అన్నిటికంటే చిన్న చక్రం అయితే చైను ఏటవాలుగా లాగుతుంది, అరుగుతుంది. ఆ మూలకు పోకు.

ఏ గేరులో ఉండాలని నన్నడక్కు, నీ కాళ్లనడుగు. అలవాటైనవాళ్లు సాధారణంగా నిమిషానికి 80, 90 సార్లు పెడలు తిప్పుతారు. నీకు 60, 70 అయినా చాలు. మోకాళ్లు మూలుగుతుంటే తేలిక గేరుకు దిగు, గాల్లో తిప్పుతున్నట్టుంటే బరువు గేరుకు ఎక్కు. తేలిక గేరులో కొండెక్కితే చిన్నతనం అనుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పేరుమోసిన సైకిల్ పందెం టూర్ డి ఫ్రాన్స్‌లోనే 1937 దాకా ఇలాంటి గేర్ల యంత్రాన్ని ఒప్పుకోలేదు. అంతకుముందు అందులో పోటీ పడినవాళ్లు కొండ కింద సైకిల్ దిగి, వెనక చక్రం ఊడదీసి, రెండో వైపున్న పళ్ల చక్రానికి తిప్పి బిగించుకుని ఎక్కేవారు. నీకు వేలి కింద ఉంది, వాడుకో.

హెల్మెట్ నుదుటి మీదికి రావాలి, కనుబొమల పైన రెండు వేళ్ల ఎడం మాత్రమే కనిపించాలి. వెనక్కి జారిన హెల్మెట్ అలంకారమే. మెత్త ఉన్న సైకిల్ నిక్కరు కొంటే లోపల ఇంకేమీ వేసుకోకు, ఒరుసుకుపోతుంది.

టైరు గాలి మాత్రం వారానికోసారి చూడాలి. టైరు పక్కన ఎంత నుంచి ఎంత దాకా నింపవచ్చో రాసి ఉంటుంది. పై అంకె గరిష్ఠం, అంత నింపి తీరాలని కాదు. మరీ గట్టిగా ఉంటే ప్రతి రాయీ చేతులకు కొడుతుంది, మరీ మెత్తగా ఉంటే గుంతలో ట్యూబు నలిగి పంక్చర్ అవుతుంది. పంక్చర్ వేయడం రోడ్డు మీద కాదు, ఇంట్లో తీరిగ్గా కూర్చుని నేర్చుకో. బాగున్న చక్రాన్నే ఊడదీసి, ట్యూబు తీసి మళ్లీ పెట్టు. ట్యూబులో కొద్దిగా గాలి కొట్టి పెడితే మెలిపడదు. చివర్లో టైరు అంచు ఎక్కనని మొరాయిస్తే టైరు ఊడదీసే లివర్‌తో పొడవకు, అవతలి వైపు అంచులను రిమ్ము మధ్య గాడిలోకి నొక్కుతూ రా, బిగువు తగ్గి చేత్తోనే ఎక్కుతుంది. కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపల గుడ్డతో తడిమి ముల్లు ఉందేమో చూడు. ముల్లు అలాగే ఉంటే రెండో ట్యూబూ పోతుంది. ఈ పని చేతికొస్తే ఇంటికి దూరంగా వెళ్లడానికి జంకవు.

ఇవన్నీ ఒంటబట్టాక క్లిప్ పెడళ్లు బయటికి తియ్యి. మంచు మీద జారే స్కీ ఆటలో బూటును పలకకు తగిలించే పద్ధతిని లుక్ అనే ఫ్రెంచ్ కంపెనీ 1984లో సైకిల్ పెడలుకు తెచ్చింది. మరుసటి ఏడు బెర్నార్ ఇనో వాటితోనే టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. నీ బూట్ల అడుగున రెండు బోల్టులతో లోపలికి దిగి ఉన్న చిన్న క్లీట్, అంటే పెడలుకు తగులుకునే ముక్క, ఉంటే మంచిదే, వాటితో నడవవచ్చు. మూడు బోల్టుల పెద్దవైతే నున్నటి గచ్చు మీద జాగ్రత్త. పెడలుకు ఉన్న స్ప్రింగు స్క్రూను బాగా వదులు చెయ్యి. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని ఒక్కో కాలూ తగిలించడం, విప్పడం చెయ్యి. మడమను బయటికి తిప్పితే ఊడుతుంది, పైకి లాగితే ఊడదు. ఆగడానికి చాలా ముందే ఒక కాలు విప్పుకో, ఎప్పుడూ అదే కాలు, సైకిల్ ఒరిగేది కూడా ఆ వైపే. మొదటి రోజులు గడ్డి నేల మీద. తగిలించుకున్న సంగతి మరిచి ఆగితే నిలుచున్నపాటున పక్కకు ఒరుగుతావు.

అసలు అవి వద్దనిపిస్తే వేసుకోకు. చదును పెడళ్ల మీదే ఏళ్ల తరబడి దూరాలు తిరిగేవాళ్లున్నారు. కొన్నాం కదా అని తొడుక్కోవాల్సిన పని లేదు, ఆ బూట్లు నీ కొలత వాళ్లకెవరికైనా ఇచ్చెయ్. మైదానంలో ఒంటి బ్రేకుతో ఎక్కడ ఆగావో, రెండిటితో ఎక్కడ ఆగావో అడుగుల్లో కొలిచి రాయి. చూడాలని ఉంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న